ఖాళీగా ఉంటే పలకదు

ఇంకా గంటసేపు ఊరికే కూర్చోవాలి. గోడకు అవతల గదిలో పెద్ద మిషను మీద కాలువల వంతుల లెక్క నడుస్తోంది. అది తేలేదాకా దాన్ని ఎవరూ కదిలించడానికి వీల్లేదని ఆఫీసు పెద్ద పద్మావతమ్మ గారు చెప్పి వెళ్ళారు, ఆవిడ చెప్పాక ఇక అప్పీలు లేదు, అందుకని ఇవతల గదిలో చిన్న మిషను ముందు, చలికి పమిట భుజాల చుట్టూ లాక్కుని, ఒళ్ళో ప్రోగ్రాం కాగితాల దొంతర పెట్టుకుని రూతు కూర్చుంది. బయట బందరు రోడ్డు మీద జూన్ ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది, లోపల మిషన్ల కోసం పెట్టిన ఏసీకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. మనుషుల కోసమైతే ఇంత చల్లదనం ఎవరు పెడతారు, మిషన్లకు చెమట పట్టకూడదు గనక వాటి దయ వల్ల మనకూ ఈ భోగం, అనుకుంటే నవ్వొచ్చింది. ఇవాళ నవ్వు రాకూడని రోజు. రేపు పొద్దున మద్రాసు నుంచి కంపెనీ మనిషి వస్తాడు, ఈ పెట్టెను విప్పి గోనెపట్టా చుట్టి తీసుకుపోతాడు, పెట్టెతో పాటు పెట్టె కోసం మంజూరైన ఉద్యోగమూ పోతుంది, ఆ ఉద్యోగంలో ఉన్నది రూతే. అయినా నవ్వొస్తూనే ఉంది, ఏం చేస్తాం, చిన్నప్పుడు చర్చిలో ప్రార్థన మధ్యలో కూడా ఇలాగే వచ్చేది, అమ్మ తొడ గిల్లేది, గిల్లితే మరీ వచ్చేది.

పెట్టె అదుగో, గోడ పక్కన బల్ల మీద, ట్రంకు పెట్టెంత ఉంది, బూడిద రంగు, ముందు భాగాన రెండు చిన్న దీపాలు. దాని వెనక నుంచి బొటనవేలంత లావు తీగలు రెండు, ఒకటి ఈ మిషనుకు, ఇంకొకటి మేస్త్రీ పొడిచిన చిల్లులోంచి అవతలి గదికి. ఈ డెల్టా నీటి లెక్కల ఆఫీసుకు మిషన్లు రెండొచ్చాయి, రెండూ వేరు వేరు కంపెనీలవి, వేరు వేరు దేశాలవి, ఒకదాని మాట ఒకదానికి రాదు. చిన్నదాని పని లాకుల దగ్గర్నుంచి వచ్చే నీటిమట్టాలు పట్టుకోవడం, పెద్దదాని పని ఏ కాలువకు ఎన్నాళ్ళు నీళ్ళివ్వాలో తేల్చడం. ఇన్నాళ్ళూ చిన్నది చిల్లులు పొడిచిన కాగితం టేపును మనిషి చేత్తో పట్టుకెళ్ళి పెద్దదానికి తినిపించాల్సి వచ్చేది, టేపు చిరిగితే మళ్ళీ మొదట్నుంచి, ఈలోగా అవనిగడ్డ వైపు చివరి పొలాలకు నీళ్ళ కబురు చేరేసరికి నారు ఎండిపోయేది. ఈ పెట్టె రెంటినీ కలుపుతుంది. కానీ పెట్టె ఊరికే కలపదు. మిషనులో అన్ని పనులనూ వరసలో పెట్టి నడిపించే పెద్ద ప్రోగ్రాం ఒకటుంటుంది, ఆపరేటింగ్ సిస్టం, దానికి టెలీప్రింటర్ తెలుసు, టేపు తెలుసు, ఈ పెట్టె ఎవరో తెలియదు. పెట్టెతో ఎలా మాట్లాడాలో దానికి నేర్పే చిన్న ప్రోగ్రాం రాయాలి. దాన్ని డ్రైవర్ అంటారు. ఇవతలి డ్రైవర్ రూతు రాసింది, అవతలిది పెద్ద మిషను చూసుకునే బసవపున్నయ్య రాశాడు.

డ్రైవర్. ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు, అబ్బ, ఆ రోజు. నాన్న సొలొమోను అప్పుడే మద్రాసు లోడు దింపుకుని వచ్చి, ఆటోనగర్ ఇంటి ముందు కుళాయి కింద తల పెట్టి కూర్చున్నాడు, తల మీంచి నీళ్ళు కారుతుండగానే, "ఏందీ, డ్రైవరా? నువ్వా?" అన్నాడు, అని కుళాయి కట్టేయడం మరిచిపోయాడు. లోపల్నుంచి అమ్మ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది, "ఆడపిల్లకి లారీ ఏందయ్యా, ఆ పెద్దావిడకి మతి లేదా" అని పద్మావతమ్మ గారి మీద విరుచుకుపడింది. నాన్నా, బండికి కాదు, పెట్టెకి డ్రైవర్, అంటే మాట మిషను లోపలికీ బయటికీ తీసుకెళ్ళేది. ఆయన తల తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించాడు. "అంటే సరుకు ఎక్కించి, అవతల దించి, దించినట్టు చీటీ తెచ్చుకోటమేగా?" అన్నాడు. అదే నాన్నా, అచ్చంగా అదే. "అయితే నా కూతురు డ్రైవరే" అన్నాడు, ఆ సాయంత్రమే టైర్ల షాపు దగ్గర, వెల్డింగ్ షెడ్డు దగ్గర, టీ కొట్టు దగ్గర, చర్చి మెట్ల దగ్గర చెప్పాడు, పాస్టరు గారు కూడా ఆదివారం, ఏమ్మా లైసెన్సు వచ్చిందా అని అడిగారు. ఆ తరువాత ఈ పెట్టె మద్రాసు నుంచి రావలసి వచ్చినప్పుడు అది సొలొమోను లారీలోనే వచ్చింది, ఎలా కుదుర్చుకున్నాడో ఎవరికి ఎరుక. తాను కప్పుకునే దుప్పటి తీసి పెట్టె కింద పరిచాడు, నెల్లూరు దగ్గర వాన వస్తే బండి ఆపి టార్పాలిన్ కింద దాని పక్కనే పడుకున్నాడు, క్లీనరు నవ్వితే, "నోరుముయ్యరా, ఇది మా అమ్మాయి బండి" అన్నాడు. ఆయనే చెప్పుకుని మురిసిపోతాడు ఈ సంగతి.

ఆయన ఇవాళ వస్తున్నాడు. అదీ అసలు గొడవ. గేటు దగ్గర పద్మావతమ్మ గారు కనబడితే ఏం మాట్లాడాడో, ఎలా మాట్లాడాడో, "సాయంత్రం మీ అమ్మాయి మిషను చూద్దురుగాని రండి" అని ఆవిడ చేతే అనిపించుకుని వచ్చాడు. ఆవిడ నోట్లోంచి అలాంటి మాట రాలడం ఈ ఆఫీసులో ఎవరూ ఎరగరు. నిన్న పెట్టె తిరిగి పంపించేస్తానని రూతుకు చెప్పింది కూడా ఆవిడే, కోపంగా కాదు, లెక్క చెప్పినట్టు. "చూడమ్మా, నెలల తరబడి చూశాం. రేపు సాయంత్రం దాకా చూస్తాను. పంటకాలవల కింద పిల్లలున్న వాళ్ళు కూర్చున్నారు, మనం మిషన్లతో ఆడుకోవడానికి కాదు." ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు, అందుకే ఏడుపు రాలేదు. ఏడుపు రావలసిన చోట ఒక రకమైన రోషం వచ్చింది, పెట్టె మీద కాదు, పెట్టె ఏ పాపమూ ఎరగదు, తప్పెక్కడో తన కాగితాల్లోనే ఉంది, ఒళ్ళోనే ఉంది, కనపడడం లేదు. నాన్న ఇస్త్రీ ఖాకీ చొక్కా వేసుకుని వస్తాడు, వచ్చి నిలబడతాడు, పెట్టె బెల్లంకొట్టిన రాయిలా ఉంటుంది. పోనీ రావద్దని చెబితే? ఆయన రాకుండా ఉంటాడా.

"రూతు గారూ." గోడ చిల్లులోంచి బసవపున్నయ్య గొంతు. తీగ పోగా మిగిలిన సందులోంచి మనిషి మాట బాగానే వస్తుంది, మిషను మాటే రాదు. "ఉన్నారా అండీ?"

"ఎక్కడికి పోతానండీ. ఎంతవరకు వచ్చింది?"

"ఏలూరు కాలవ అయిపోయిందండి, బందరు కాలవ మీదకొచ్చింది. ఇంకా పట్టుద్ది." ఒక్క క్షణం ఆగి, గొంతు తగ్గించి, "ఇప్పుడు పంపితే ఠంచనుగా పలుకుద్దండీ. మిషను పని మీదుందిగా. మేడమ్ గారు లేరు, ఓ ముక్క పంపి చూడకూడదూ?"

"వద్దండీ బాబూ. లెక్క చెడితే నా తోటి మీరూ ఇంటికి పోతారు."

చిత్రం అదే. పెద్ద మిషను ఊపిరాడని పనిలో ఉన్నప్పుడు పెట్టె పలుకుతుంది. రూతు ఇటునుంచి నీటిమట్టాలు పంపితే అటు టెలీప్రింటర్ మీద ఒక్క అక్షరం పొల్లుపోకుండా పడతాయి. అదే మిషను ఖాళీగా ఉంటే, రెండు మాటలో మూడు మాటలో పోయాక ఆగిపోతుంది, చిన్న మిషను బిక్కమొహం వేసుకుని జవాబు కోసం చూస్తూ ఉండిపోతుంది, అటు బసవపున్నయ్య, అందింది, అందిందని చెప్పాను కదండీ, అంటాడు, ఇటు రూతు, రాలేదండీ నాకు, అంటుంది. లోకంలో ఎవరైనా ఖాళీగా ఉన్నప్పుడు పలుకుతారు, పనిలో ఉంటే విసుక్కుంటారు. ఇదేం మిషను. పద్మావతమ్మ గారు కూడా మొదటిసారి విని కళ్ళజోడు తీసి, "ఖాళీగా ఉంటే పలకదా? అదేం చోద్యం" అన్నారు. కంపెనీ మనిషి వచ్చి తీగలు మార్చాడు, దీపాలు మార్చాడు, కరెంటు బాగాలేదన్నాడు, వెళ్ళిపోయాడు.

మళ్ళీ మొదటి కాగితం. అక్షరాల్ని పెట్టెలో పెట్టు. ఎన్ని పెట్టావో లెక్క వేసుకో. పాత 'అందింది' గుర్తు దించెయ్. కొత్త గుర్తు లేచేదాకా చూడు. లేచిందా, అయితే మళ్ళీ పెట్టు. ఎన్నిసార్లు చదివిందో, నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతుంది, హైదరాబాదులో ట్రైనింగప్పుడు క్లాసులో ఒక్కతే ఆడపిల్ల, హాస్టలు మేడ మీద ఎండలో తల ఆరబెట్టుకుంటూ ఇలాగే వరసలు అప్పజెప్పుకునేది, మొదటిసారి తన ప్రోగ్రాం నడిచి రెండూ రెండూ కలిపి నాలుగని టెలీప్రింటర్ కొట్టినప్పుడు ఆ నాలుగు అంకె చింపి జాకెట్లో పెట్టుకుని పడుకుంది, నాలుగంటే ఎవరికి తెలియదు, కానీ తాను చెప్పకుండానే తనంతట తాను నాలుగని చెప్పింది కదా అది! ఆ సంతోషం ఎవరికీ చెప్పలేకపోయింది. చెబితే, నాలుగేగా, అంటారు. ఉద్యోగం పోతే పోతుంది, జీతం పోతే ఇంకెక్కడో టైపు కొట్టుకోవచ్చు, కానీ ఇది పోతుంది, ఈ కూర్చోవడం, ఈ హోరులో చెవులు పెట్టుకుని ఎక్కడో కనపడని చోట ఒక చిన్న గుర్తు లేస్తుందా అని చూడడం. ఇంతగా మనసు పెట్టుకోకూడదేమో ఒక పెట్టె మీద. పెట్టుకుంది, ఏం చేస్తుంది.

బందరు కాలవ మీదకొచ్చిందన్నాడు బసవపున్నయ్య. ఆయనకూ ఆదుర్దాయే, వాళ్ళన్నయ్య పొలం కూచిపూడికి ఇంకా దిగువన, పిల్లకాలవ చివర, ఆ లెక్కలో వాళ్ళ వంతు ఎప్పుడొస్తుందో చూసుకోవాలని ఉంటుంది పాపం, చూడడు, నీతిపరుడు. బందరు కాలవ. మొన్నే నీళ్ళు వదిలారు. కొత్త నీరు ఎర్రగా, నురగలు కట్టుకుని, ఎండాకాలమంతా కాలువలో ఆడుకున్న పిల్లలు గట్టెక్కి నిలబడి కేరింతలు కొడుతుంటే వాళ్ళ వెనకాలే వచ్చేది, ముందు తడి వాసన, తరువాత సన్నటి పాయ, పుల్లలూ చెత్తా తోసుకుంటూ, తరువాత పాదాలు మునిగేటంత, చూస్తుండగానే కాలువ. మామ్మ ఊళ్ళో, వేసవి సెలవుల ఆఖర్న, రూతు ఆ నీళ్ళకు ఎదురెళ్ళి మొదట తడిసేది. మామ్మ సంపూర్ణమ్మ ఆ ఇల్లంతటికీ పెద్ద గొంతు, నాట్ల పాటలకు ఆమే ముందు పాడాలి, చర్చిలో కీర్తన ఆమే అందుకోవాలి, ఆమె పిలిస్తే కాలువ అవతలి గట్టు మీద గేదెలు తలెత్తి చూసేవి. చర్చి అవతలి గట్టున. పడవ శౌరయ్యది. శౌరయ్య ఎప్పుడూ అవతలి గట్టునే, తుమ్మచెట్టు నీడన, మొహం మీద తువ్వాలు వేసుకుని నిద్ర. మామ్మ ఇవతలి గట్టున నిలబడి, "శౌరయ్యా! ఓ శౌరయ్యోవ్!" అని ఒక్క కేక పెట్టి, ఇక ఆయన లేచేది ఎప్పుడులే అని, వంగి బైబిలు సంచీ సర్దుకుని, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, రూతు జడ రిబ్బను బిగించి, అప్పుడు తలెత్తి చూసేది. సరిగ్గా అప్పటికి శౌరయ్య లేచి కూర్చుని చెయ్యెత్తేవాడు. పడవ కదిలేది. ప్రతి ఆదివారం అంతే, అదొక లయ.

ఒక ఆదివారం మాత్రం. దసరా సెలవులు, ఎండ, తాటిపండ్ల వాసన, రూతు నోట్లో చింతకాయ, పళ్ళు పులిసిపోయి. మామ్మ కేక పెట్టింది. వంగింది. సర్దుకుంది. తలెత్తింది. శౌరయ్య లేడు, అంటే ఉన్నాడు, గెడ పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. చెయ్యెత్తలేదు. మామ్మ చూసింది. చూసింది. ఆయన ఇటు తిరగడు. రెండో కేక పెట్టదు మామ్మ, ఆమెకు పరువు, ఒకసారి పిలిచాక పలకవలసింది అవతలివాడు. చర్చి గంట కొట్టారు. కీర్తన మొదలెట్టారు, మామ్మ లేకుండానే, ఎవరో పీల గొంతుతో, మామ్మ పళ్ళు నూరుకుంది. ఆరాధన సగం అయ్యాక గానీ శౌరయ్య వచ్చాడు కాదు, ఇంకెవరో పిలిస్తే. నడి కాలువలో పడవ ఆపేసి ఇద్దరూ పోట్లాట. "ఏరా, పిలిస్తే పలకవేం? చెవుల్లో సీసం పోసుకున్నావా?" "పలక్కపోటమేందక్కా! ఇయ్యాల ముందే లేచి గెడ పట్టుకుని నిలబడ్డా. నువ్వు కేకెయ్యంగానే చెయ్యెత్తా! నువ్వేమో వంగి సంచీ చూసుకుంటన్నావ్. చెయ్యెత్తితే చూడలా, ఇంక రాదేమోలే అనుకున్నా." "నేను చూసేసరికి నీ చెయ్యి లేదే!" "ఎంతసేపని ఎత్తుకుని ఉండాలక్కా, నేనేమన్నా దిష్టిబొమ్మనా?" పడవ అటూ ఇటూ ఊగింది, రూతుకు నవ్వాగలేదు, చింతకాయ నీళ్ళలో పడిపోయింది, మామ్మ, పిల్లముండా, నువ్వన్నా చూడలేదా అంది, చూశాను మామ్మా, నువ్వు పిలవగానే ఎత్తాడు, నువ్వే

నువ్వే చూడలేదు.

రూతు ఒళ్ళోని కాగితాలు జారి నేల మీద పడ్డాయి. తీయలేదు. ఒక్క కాగితమే చేతిలో మిగిలింది, కావలసింది అదే. అక్షరాల్ని పెట్టు. లెక్క వేసుకో. పాత గుర్తు దించెయ్. కొత్త గుర్తు కోసం చూడు. పెట్టడం ముందు, దించడం తరువాత. మధ్యలో సంచీ సర్దుకోవడం! అవతలివాడు నిద్రలో ఉంటే, పనిలో ఉంటే, వాడు లేచి అందిందని చెప్పేసరికి మన సర్దుకోవడం అయిపోతుంది, పాత గుర్తు దించేసి ఉంటాం, కొత్తది లేవడం చూస్తాం. ఖాళీగా నిలబడి ఉన్నాడనుకో. పెట్టీ పెట్టగానే అందిందంటాడు. మనం ఇంకా వంగే ఉన్నాం. ఆ గుర్తు లేచింది, మనం పాతదే అనుకుని దాన్నే దించేశాం! మన చేతుల్తో మనమే. ఇక వాడు చెప్పాననుకుంటాడు, మనం చెప్పలేదనుకుంటాం, చర్చి గంట కొడతారు. పెట్టె తప్పు కాదు, తీగ తప్పు కాదు, బసవపున్నయ్య తప్పు కాదు, పనయ్యాక శుభ్రం చేయాలన్న తన అలవాటు, అన్నం తిన్నాక కంచం కడిగినట్టు, కానీ ఇక్కడ వడ్డించక ముందే కడగాలి! ముందు దించు, తరువాత లెక్క వేసుకో, అన్నీ సర్దుకుని, కళ్ళు అవతలి గట్టు మీద పెట్టి, అప్పుడు పిలువు. అంతే. రెండు ఆదేశాలు ఒకదాని చోటికి ఒకటి. అంతే. ఒళ్ళంతా వెచ్చబడింది, ఏసీ ఏమైపోయిందో.

టేపు మళ్ళీ పొడిచి ఎక్కించడానికి ఓపిక లేదు, అక్కర్లేదు కూడా. చిన్న మిషను నొసట వరసగా స్విచ్చులుంటాయి, పైకీ కిందికీ నొక్కి మెమరీలో ఎక్కడ ఏముందో చూడవచ్చు, మార్చవచ్చు. మొదటి ఆదేశం ఉన్న చోటు దీపాల్లో వెలిగింది, సరే, అది మూడోదాని చోట. మూడోది మొదటిదాని చోట. మళ్ళీ చూసింది. మళ్ళీ. పొరపాటున ఒక స్విచ్చు కింద ఉండాల్సింది పైనుంది, నాలుక కొరుక్కుని దించింది. లేచి గోడ దగ్గరకు వెళ్ళి చిల్లుకు నోరు ఆనించింది. "బసవపున్నయ్య గారూ! దొరికిందండీ!"

"ఏంటండీ?"

"మీరు మరీ తొందరగా పలుకుతున్నారండీ!"

"అది తప్పా అండీ?" అన్నాడాయన బెరుగ్గా, రూతు గోడకు నుదురానించి నవ్వింది, ఊపిరి తిరగకుండా నవ్వింది, సున్నం నుదుటికి అంటుకుంది, తప్పు మీది కాదండీ, మీరు అలాగే పలకండి, ఎప్పుడూ అలాగే పలకండి, అనుకుంటూ, పైకి ఏమన్నదో తెలియదు.

తలుపు తెరుచుకుంది. పద్మావతమ్మ గారు, వెనక నాన్న. ఖాకీ చొక్కా గంజికి నిలబడి ఉంది, జేబులో దువ్వెన, పాదాలు గుమ్మం బయటే రుద్ది రుద్ది తుడుచుకుని, చర్చిలోకి వచ్చినట్టు తల కాస్త వంచి వచ్చాడు. చల్లదనానికి ఉలిక్కిపడి, "ఓర్నాయనో" అన్నాడు మెల్లగా. పెట్టెను చూసి గుర్తుపట్టి దానికేసి తలాడించాడు, తెలిసినవాళ్ళను పలకరించినట్టు. అవతల హోరు ఒక్కసారి తగ్గింది, ప్రింటరు ఆగింది. "లెక్క అయిపోయిందండీ, మిషను ఖాళీ" అని చిల్లులోంచి మాట. ఖాళీ. పద్మావతమ్మ గారు రూతు నుదుటి మీద సున్నం చూశారు, కింద చెల్లాచెదరుగా పడి ఉన్న కాగితాలు చూశారు. "ఖాళీగా ఉంది మరి. పంపుతావా?" అన్నారు. నాన్న చేతులు కట్టుకున్నాడు. ఆయన చేతులు కట్టుకుంటే గాబరా పడుతున్నట్టు లెక్క, ఘాట్ రోడ్డు మీద బండి ఆగిపోతే పక్కన నిలబడ్డవాళ్ళకే తెలుస్తుంది అది. నాన్నా, పలక్కపోతే ఏమనుకోకు. పలుకుతుంది. పలక్కపోతే.

పంపింది. లాకుల మట్టాలు, పొద్దున వచ్చినవే, ఒక్క వరస. పెట్టె మీద దీపాలు మినుకు మినుకుమన్నాయి, రెండు మాటలు, మూడు, ఎప్పుడూ ఆగేచోటు, రూతు కళ్ళు మూసుకుంది, మూసుకోకూడదు కదా, చూడాలి కదా, తెరిచింది, దీపాలు ఆగలేదు, ఒకదాని వెనక ఒకటి, ఒకదాని వెనక ఒకటి, గోడ అవతల టెలీప్రింటర్ టకటకా, టకటకా, వాన మొదలైనప్పుడు రేకుల మీద చినుకుల్లా, ముందు విడివిడిగా తరువాత ఒకటే ధార, వరస అయిపోయింది, గంట ఖంగుమంది. "వచ్చిందండీ!" అని బసవపున్నయ్య చిల్లు అక్కర్లేనంత గట్టిగా అరిచాడు. "అంతా వచ్చింది! చివర పులిగడ్డ లాకు కూడా వచ్చింది!" ఇంకొక వరస. వచ్చింది. పొడుగాటిది, పొట్టిది, ఒక్క అక్షరం, కాగితం అంచు దాటే వరస, అన్నీ. అటునుంచి ఆయన పంపాడు, ఇటు టెలీప్రింటర్ కొట్టింది. రూతుకు తాను కూర్చుందో నిలబడిందో తెలియలేదు, నాన్న చెయ్యి తల మీద బరువుగా, డీజిలు వాసనతో వాలింది. "దించినట్టు చీటీ వచ్చిందా అమ్మా?" అన్నాడు. "వచ్చింది నాన్నా, ప్రతి మాటకీ వచ్చింది." ఆయన పద్మావతమ్మ గారికేసి తిరిగి, "అదండీ" అన్నాడు, అదేదో ఆయనకు ముందే తెలిసినట్టు.

పద్మావతమ్మ గారు కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, టెలీప్రింటర్ మీద కాగితం పైకి లాగి ప్రతి వరసా వేలుతో తడుముతూ చదివారు. పొరపాటు దొరికితే బాగుండునన్నట్టు కాదు, దొరకదని నమ్మకం కుదిరేదాకా. తరువాత మద్రాసుకు ఫోను చేసి ఆ మనిషిని రావద్దని చెప్పమని గుమస్తాకు కబురు పంపారు, ఆ మాట ఎంత మామూలుగా అన్నారంటే రూతుకు దాని అర్థం కాస్త ఆలస్యంగా తట్టింది, అంటే రేపు, ఎల్లుండి, ఆ తరువాత కూడా ఈ గది, ఈ హోరు, అంటే కాలువల కింద నారు ఎండకముందే కబురు, అంటే. ఇంతలో ఆవిడ, "కొంచెం లే అమ్మా" అన్నారు. రూతు లేచింది. ఆవిడ కుర్చీలో కూర్చుని, పమిట కొంగు నడుముకు దోపుకుని, టెలీప్రింటర్ మీటల కేసి కొత్త ఊళ్ళో ఇల్లు వెతుక్కునేవాళ్ళలా చూశారు. మిషనును ఆవిడ ఎన్నడూ స్వయంగా ముట్టుకోలేదు, అది ఆవిడ హోదా. ఒక్కొక్క మీటే, రెండు చూపుడు వేళ్ళతో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూడబలుక్కుంటూ కొట్టారు. నాన్న మెడ చాచి చూశాడు గానీ చదవలేకపోయాడు, రూతు ఆయన చెవిలో చదివింది.

అన్నం తిన్నారా.

దీపాలు మెరిశాయి. గోడ అవతల టకటక, ఆగింది. ఆయన కేక వేసి చెప్పొచ్చు, చిల్లు అక్కడే ఉంది, పైగా పద్మావతమ్మ గారు అడిగితే బసవపున్నయ్య లేచి నిలబడి మరీ జవాబు చెప్పే మనిషి. కానీ కేక వేయలేదు. బహుశా తెల్లబోయి ఉంటాడు, బహుశా ఏ అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటున్నాడు. అప్పుడు ఇటు టెలీప్రింటర్ తనంతట తాను కదిలింది, ఒక్కొక్క అక్షరమే, మర్యాదగా.

లేదండి. పొద్దుట్నుంచీ లెక్క వదిలి రాలేదండి.

పద్మావతమ్మ గారు నవ్వారు. ఆ నవ్వు ఈ గదిలో ఇంతవరకు ఎవరూ వినలేదు, లావుపాటి, లోతైన, తోటలో ఆడపిల్లలు నవ్వే నవ్వు, కళ్ళజోడు ముక్కు మీదకు జారిపోయింది, పైకి తోసుకోలేదు, నాన్న కూడా నవ్వాడు, రూతు నవ్వుతూ గోడకు చేరగిలబడింది. ఆవిడ మళ్ళీ వంగి, ఈసారి వెతుక్కోకుండా, చకచకా ఒకే ఒక్క మాట కొట్టారు.

రండి.

గోడ అవతల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడయింది.